తగిలిందా... తగల్లేదా?

వీధిలో ఏడు పెంకులాట అయినా, అమెరికాలో డాడ్జ్‌బాల్ అయినా... తీర్పు చెప్పేవాళ్లు లేకపోతే గెలిచేది గట్టిగా అరిచినవాడే!

"తగిలింది!"

"తగల్లేదు!"

"చొక్కాకి తగిలింది, నేను చూశా!"

"గాలి తగిలిందిరా... బంతి కాదు!"

"అయితే అమ్మతోడు అను!"

దాచేపల్లిలో అయినా, పక్కనున్న నడికుడిలో అయినా, ఆ మాటకొస్తే తెలుగునాట ఏ ఊళ్లో అయినా... సెలవురోజు సాయంత్రం పిల్లలు చేరిన చోట ఈ మాటలు వినపడకుండా ఉండవు. ఆట ఏడు పెంకులాట. దాచేపల్లి చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. ఆటకు కావలసిన రాతి బిళ్లలకు కొదవేముంది? చేతికందిన ఏడింటిని ఏరి, పెద్దది కింద, చిన్నది పైన పేరిస్తే గోపురం సిద్ధం. పాత గుడ్డలు చుట్టి సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగిన బంతి ఒకప్పటిది. ఇప్పుడు టెన్నిస్ బంతి. మిరపకాయలు ఎత్తేశాక ఖాళీ అయిన కల్లమో, బడి వెనక జాగానో... మైదానం అదే.

ఒక జట్టువాడు బంతితో గోపురాన్ని కూలుస్తాడు. ఆ జట్టే మళ్లీ పెంకులన్నీ పేర్చాలి. పేర్చేలోగా అవతలి జట్టు బంతితో కొడుతుంది. తగిలితే ఔట్! ఇంతే ఆట. చూడ్డానికి ఎంత తేలికో, తీర్పు చెప్పడానికి అంత కష్టం. ఎందుకంటే ఆట మొత్తం ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

తగిలిందా... లేదా?

చర్మానికే తెలిసిన నిజం

పల్నాడులో పండగలకు, తిరునాళ్లకు ఎడ్ల బండలాగుడు పోటీలు పెడతారు. అక్కడ తీర్పు చెప్పడానికి టేపు ఉంది, గడియారం ఉంది. ఇచ్చిన నిమిషాల్లో బండ ఎన్ని అడుగులు కదిలిందో కొలిస్తే సరి. క్రికెట్‌లో వికెట్ పడితే కింద బెయిల్సు కనిపిస్తాయి. పరుగు పందెంలో రిబ్బను ఉంటుంది. ఇవన్నీ కళ్లకు కనపడే రుజువులు.

బంతితో మనిషిని కొట్టే ఆటలో అలాంటిదేమీ మిగలదు. బంతి చొక్కా అంచును రాసుకుంటూ పోతుంది. మోచేతిని మీటి పోతుంది. పరుగెత్తేవాడి వెనక దుమ్ము లేస్తుంది. పది అడుగుల దూరంలో నిల్చున్నవాడికి తగిలినట్టే ఉంటుంది, ఇటుపక్క నిల్చున్నవాడికి తగలనట్టే ఉంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. నిజం కచ్చితంగా తెలిసింది ఒక్కరికే... దెబ్బ తిన్నవాడికి. ఆ నిజం బయటపెడితే ఔటయ్యేదీ వాడే!

అందుకే పిల్లలు తమకు చేతనైన న్యాయవ్యవస్థను తయారు చేసుకున్నారు. ఒట్టు, అమ్మతోడు, దేవుడితోడు... ఇవన్నీ సాక్ష్యం లేనిచోట పుట్టిన చట్టాలే. తప్పించుకున్నవాడికి 'తొండివాడు' అని పేరు పెట్టడం శిక్ష. ఆ పేరు ఒకసారి పడిందంటే మళ్లీ జట్లు పంచుకునేటప్పుడు వాణ్ని పిలిచేవాళ్లుండరు. ఇంకొంచెం తెలివైన పిల్లలైతే బంతిని దుమ్ములో దొర్లించి మరీ విసురుతారు. తగిలితే చొక్కా మీద మచ్చ పడుతుంది కదా! టీవీ రీప్లే లేని వీధిలో అదే థర్డ్ అంపైర్.

అక్కడా ఇదే గొడవ

ఈ చిక్కు మన వీధులదే అనుకుంటే పొరపాటు. ఏడు పెంకులాటకు దగ్గరి బంధువులాంటిది డాడ్జ్‌బాల్. మన బళ్లలోనూ డ్రిల్లు పీరియడ్‌లో పిల్లల్ని గుండ్రంగా నిలబెట్టి, మధ్యలో ఉన్నవాళ్లను బంతితో కొట్టించే ఆట చాలామందికి గుర్తుండే ఉంటుంది. అమెరికాలో అది పెద్దలు కూడా వారాంతాల్లో ఆడే ఆట. 2004లో 'డాడ్జ్‌బాల్' పేరుతో వచ్చిన హాలీవుడ్ హాస్యచిత్రం పుణ్యమా అని మరింతమందికి తెలిసింది. ఆఫీసు నుంచి వచ్చి, టై విప్పేసి, స్నేహితులతో జట్టు కట్టి సరదాగా ఆడుకునే లీగులు అక్కడ ఊరూరా ఉంటాయి.

ఆట తీరు ఇదీ. రెండు జట్లు, జట్టుకు ఆరుగురు. మధ్య గీత మీద బంతులు వరసగా పెడతారు. ఈల మోగగానే రెండువైపుల నుంచీ పరుగెత్తుకొచ్చి వాటిని అందుకుంటారు. బంతి తగిలితే ఔట్. నేల తాకకుండా ప్రత్యర్థి బంతిని పట్టేస్తే విసిరినవాడు ఔట్. చేతిలో ఉన్న బంతిని అడ్డుపెట్టి దెబ్బ కాచుకోవచ్చు. గీత దాటితే ఔట్. ఒకేసారి నాలుగైదు బంతులు గాల్లో ఉంటాయి, పన్నెండుమంది కదులుతుంటారు. ఒక జత కళ్లకు ఇదంతా చూడటం సాధ్యమేనా?

కాదని అక్కడివాళ్లు ముందే ఒప్పేసుకున్నారు. అమెరికాలోని నేషనల్ అమెచ్యూర్ డాడ్జ్‌బాల్ అసోసియేషన్ నియమాల్లోనే ఆ సంగతి ఉంది. మామూలు మ్యాచ్‌లలో నియమాల అమలు ముఖ్యంగా ఆటగాళ్ల నిజాయతీ మీదే ఆధారపడుతుంది. బంతి తగిలిందని అనిపిస్తే ఎవరూ చెప్పకముందే చెయ్యెత్తి బయటికి నడవాలి. పక్కన ఒక పర్యవేక్షకుడు ఉంటాడు. రెండు జట్లకూ మాట కుదరనప్పుడే ఆయన కల్పించుకుంటాడు. కల్పించుకుని చెప్పాక మాత్రం ఆయన మాటకు తిరుగులేదు.

చిత్రంగా లేదూ! దేశం వేరు, బంతి వేరు, భాష వేరు. మన 'అమ్మతోడు'ను వాళ్లు నియమావళిలో రాసుకున్నారు, అంతే తేడా.

నిజం చెప్పినవాడు నష్టపోతే...

మరి అందరూ నిజాయతీగా ఉంటే రిఫరీ ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఆడేవాళ్లను గమనిస్తే దొరుకుతుంది.

పదిమంది ఆడుతున్నారనుకుందాం. తొమ్మిదిమంది బంతి తగలగానే తలొంచుకుని పక్కకు పోతారు. ఒక్కడు మాత్రం తగిలినా తగలనట్టు ఆడేస్తుంటాడు. చూసేవాళ్లు లేరు, చెప్పేవాళ్లు లేరు. మొదటి ఆట వాడిదే గెలుపు. రెండో ఆటలో ఇంకొకడికి ఆలోచన వస్తుంది... 'వాడు పోనప్పుడు నేనెందుకు పోవాలి?' మూడో ఆటకు నలుగురు. ఆ తర్వాత ఆట ఉండదు, అరుపులే ఉంటాయి. చివరికి మిగిలేది ఒంట్లో బలం, గొంతులో బలం ఉన్నవాళ్లు. చిన్నపిల్లలు, ఆడపిల్లలు, గొడవంటే భయపడేవాళ్లు ఒక్కొక్కరే ఇంటిదారి పడతారు. 'మావాడు ఈమధ్య ఆటకు పోవడంలేదండీ' అని అమ్మలు అనుకుంటారు. ఎందుకు పోవడంలేదో వాడు చెప్పడు.

రిఫరీ అవసరం సరిగ్గా ఇక్కడే. తొండివాణ్ని పట్టుకోవడం ఆయన పనిలో చిన్న భాగం. నిజం ఒప్పుకున్నవాడు ఆ ఒప్పుకోలు వల్ల నష్టపోకుండా చూడటం అసలు పని. చెయ్యెత్తి బయటికి నడిచిన పిల్లవాడికి 'నాలాగే అందరూ నడుస్తారు' అన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకానికి కాపలాదారు రిఫరీ.

మిర్చి అమ్మే రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. కాటా దగ్గర నిలబడేవాడి మీద అమ్మేవాడికీ కొనేవాడికీ ఇద్దరికీ గురి ఉండాలి. ముల్లు అటో ఇటో ఒరిగితే సరుకు ఎంత మంచిదైనా బేరం చెడుతుంది. ఆటలో రిఫరీ ఆ కాటాలాంటివాడు.

కోడిపందెంతో మొదలై...

ఇద్దరూ నమ్మే తీర్పరి లేకపోతే ఆట ఎంతదూరం పోతుందో పల్నాడుకు తెలిసినట్టు మరో సీమకు తెలియదేమో! దాచేపల్లి పక్కగా పారే నాగులేరు ఒడ్డునే ఉంది కారంపూడి. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగింది అక్కడే. ఆ వీరగాథలో మలుపు తిప్పింది ఒక ఆట... కోడిపందెం.

గురజాల నలగామరాజు పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు పందెం కట్టారు. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నది షరతు. బ్రహ్మనాయుడి పుంజు ఓడింది. మలిదేవుడి వర్గం వలస వెళ్లింది. గడువు తీరి తిరిగొచ్చి తమ భాగం అడిగితే రాలేదు. రాయబారం విఫలమైంది, కారంపూడిలో యుద్ధం జరిగింది. ఇంటింటి బిడ్డలూ నేలకొరిగారు.

ఆ పందెంలో మోసం జరిగిందని వీరగాథ చెబుతుంది. నాగమ్మ సమర్థురాలైన మంత్రి అని, కథ ఒకవైపు నుంచే చెప్పారని అనేవాళ్లూ ఉన్నారు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఆ ఆట ఫలితం మీద వాదన తెగలేదు. తెగకపోవడానికి కారణం వెతికితే ఒకటే కనిపిస్తుంది... ఇరుపక్షాలూ తలవంచే మూడో మనిషి మాట ఆ కథలో లేదు. ఏటా కార్తీకంలో కారంపూడిలో జరిగే వీరుల ఉత్సవాల్లో రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఐదు రోజుల పేర్లు. అందులో కోడిపోరుకే ఒక రోజు కేటాయించారంటే, ఒక ఆట గాయం ఎంతకాలం ఉంటుందో అర్థం చేసుకోవచ్చు.

రెండు రూళ్లు, ఒక్క ఈల

తీర్పరులు ఉన్నా గొడవలు వస్తాయి. ఎప్పుడంటే... నియమమేమిటో ముందే తేల్చుకోనప్పుడు.

2023 అక్టోబరు 7. చైనాలోని హాంగ్‌జౌలో ఆసియా క్రీడల పురుషుల కబడ్డీ ఫైనల్. భారత్, ఇరాన్ తలపడ్డాయి. స్కోరు 28-28. ఆట ముగియడానికి కాస్త సమయమే ఉంది. మన కెప్టెన్ పవన్ సెహ్రావత్ కూతకు వెళ్లాడు. ఎవరినీ తాకకుండానే పక్కనున్న లాబీలో కాలు పెట్టాడు. ఆయన వెంటపడి ఇరాన్ ఆటగాళ్లు కూడా లాబీలోకి వచ్చేశారు. ఇప్పుడు ఔట్ ఎవరు?

ఒక నియమం ప్రకారం కూతగాడు ఒక్కడే ఔట్. ఇంకో నియమం ప్రకారం వెంట వచ్చినవాళ్లూ ఔటే. తీర్పు ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. ఒక జట్టు తర్వాత ఒక జట్టు మ్యాట్ మీద నిరసనకు కూర్చుంది. ఆట దాదాపు గంటసేపు ఆగిపోయింది. చివరికి భారత్ 33-29తో బంగారు పతకం గెలిచింది. పతకం వచ్చింది సరే, ఫైనల్ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఆ గంటసేపు గలాటానే!

కబడ్డీలో ఒక రిఫరీ, ఇద్దరు అంపైర్లు, స్కోరు రాసేవాళ్లు, వాళ్లకు సహాయకులు... ఇంతమంది ఉంటారు. అయినా ఏ నియమం వర్తిస్తుందన్న దగ్గర మాట కలవకపోతే ఇంతమందీ ఏమీ చేయలేకపోయారు. ఇక ఏడు పెంకులాట సంగతి చెప్పాలా? ఊరికో రూలు. ఒక వీధిలో ఒక్కడికి తగిలితే జట్టు మొత్తం దిగిపోవాలి. పక్క వీధిలో తగిలినవాడే పోవాలి. వేసవి సెలవులకు అమ్మమ్మగారింటికి వచ్చిన పిల్లవాడికి, ఆ ఊరి పిల్లలకు మొదటిరోజే గొడవ వచ్చేది అందుకే. వాడు తొండి ఆడలేదు, వాడి ఊరి ఆట వాడు ఆడాడు!

వెనక్కి పిలిచిన కెప్టెన్

రిఫరీ తప్పు చేస్తే? చేస్తారు, మనిషే కదా! సాంకేతికత వచ్చాక కొన్ని తప్పులు తగ్గాయి. క్రికెట్‌లో తీర్పును సమీక్షించమని అడిగే పద్ధతిని 2008లో భారత్, శ్రీలంక టెస్టుల్లో తొలిసారి పరీక్షించి చూశారు. పెద్ద పోటీలకు కెమెరాలు సరే, వీధి ఆటకు ఎవరు పెడతారు? అక్కడ రిఫరీ తప్పును సరిదిద్దగలిగింది ఆటగాడొక్కడే.

1980 ఫిబ్రవరిలో బొంబాయిలో ఇంగ్లండ్‌తో జరిగిన స్వర్ణోత్సవ టెస్టులో మన కెప్టెన్ గుండప్ప విశ్వనాథ్ ఆ పని చేసి చూపించారు. ఇంగ్లండ్ వికెట్‌కీపర్ బాబ్ టేలర్‌ను కీపర్ క్యాచ్ కింద అంపైర్ ఔటిచ్చారు. బ్యాటుకు బంతి తగల్లేదని విశ్వనాథ్‌కు అనిపించింది. అంపైర్‌తో మాట్లాడి టేలర్‌ను వెనక్కి పిలిపించారు. టేలర్, ఇయాన్ బోథమ్ కలిసి 171 పరుగులు జోడించారు. ఆ మ్యాచ్‌లో భారత్ పది వికెట్ల తేడాతో ఓడిపోయింది.

ఇంత నష్టం జరిగినా ఆ టెస్టు పేరెత్తితే విశ్వనాథ్‌ను మెచ్చుకోకుండా ఉండేవాళ్లు అరుదు. 2003 ప్రపంచకప్ సెమీఫైనల్లో అంపైర్ ఔటివ్వకపోయినా ఆస్ట్రేలియా ఆటగాడు ఆడమ్ గిల్‌క్రిస్ట్ తనంతట తానే నడిచి వెళ్లిపోయాడు. ఆరోజు అతను ఎన్ని పరుగులు చేశాడో గుర్తున్నవాళ్లు కొద్దిమంది. నడిచి వెళ్లడం మాత్రం చాలామందికి గుర్తు.

ఈల పట్టే ముందు...

వీధిలో, అపార్ట్‌మెంట్ ఆవరణలో, పండగ పోటీల్లో ఎవరో ఒకరు ఈల పట్టక తప్పదు. సాధారణంగా ఆ పని ఎవరికి పడుతుంది? కాలు బెణికినవాడికి, ఆ రోజు ఆడనివాడికి, లేదంటే 'బాబాయ్, మీరు కాస్త చూడండి' అని పిల్లలు బతిమాలిన పెద్దాయనకు. జీతం ఉండదు, చప్పట్లు ఉండవు. ఓడినవాళ్ల కోపం మాత్రం ఉంటుంది. చాలాచోట్ల రిఫరీని ఆటలో అరటిపండులా చూస్తారు. అలా కాకుండా ఉండాలంటే కొన్ని జాగ్రత్తలు పనికొస్తాయి.

* ఆట మొదలుకాకముందే రెండు జట్లనూ కూర్చోబెట్టి నియమాలు పైకి చెప్పాలి. చొక్కాకు తగిలితే ఔటా కాదా, నేలను తాకి లేచిన బంతి తగిలితే ఏమిటి, ఒక్కరికి తగిలితే ఎంతమంది పోవాలి... ఈ మూడూ తేలితే సగం గొడవలు తీరినట్టే.

* ఒక్కరే ఉంటే గీతకు సూటిగా, మైదానం అంచున నిలబడాలి. ఇద్దరుంటే చెరోవైపు నిలబడి చెరో జట్టునూ చూడాలి. కళ్లు బంతి విసిరేవాడి మీద కాదు, తగిలే అవకాశమున్నవాడి మీద ఉండాలి.

* చూసింది చూసినట్టు వెంటనే చెప్పాలి. ఆలస్యమైతే ఎవరి అరుపుకో లొంగారన్న అనుమానం వస్తుంది. కారణం ఒక్క మాటలో చాలు... 'మోచేతికి తగిలింది, ఔట్.'

* నిజంగా కనపడకపోతే ఊహించి తీర్పు ఇవ్వొద్దు. ముందు ఆటగాణ్నే అడగాలి. వాడు చెప్పింది నమ్మాలి. అప్పటికీ తేలకపోతే ఆ బంతిని లెక్కలోంచి తీసేసి మళ్లీ ఆడించాలి.

* తన తప్పు తనకు తెలిస్తే తర్వాతి బంతి పడేలోపే సరిదిద్దుకోవాలి. అరుపులకు మాత్రం మార్చకూడదు.

* తలకు గురిపెట్టి విసరడాన్ని మొదటిసారే ఆపాలి. చిన్నపిల్లలున్న ఆటలో మెత్తటి బంతే వాడాలి.

* సొంత పిల్లలు ఆడుతుంటే ఈల ఇంకొకరికి ఇవ్వడం మేలు. కొడుక్కి అనుకూలంగా చెప్పినా మాటే, భయపడి వ్యతిరేకంగా చెప్పినా మాటే.

* అన్నింటికన్నా ముఖ్యం... ఎవరూ చూడకపోయినా చెయ్యెత్తి బయటికి నడిచిన పిల్లవాడిని అందరి ముందూ 'శభాష్' అనాలి. తొండివాణ్ని తిట్టడంకన్నా ఈ ఒక్క మాట ఎక్కువ పని చేస్తుంది.

చెప్పుకోవడానికి ఇది పిల్లలాటే. కానీ ఎదిగాక వాళ్లు నిలబడాల్సిన చోట్లలో కూడా చాలా నిజాలు ఒక్కరికే తెలుస్తాయి. షాపులో ఎక్కువొచ్చిన చిల్లర, పొలం గట్టు జరిగిన జానెడు, పరీక్షలో పక్కవాడి కాగితం... అక్కడ ఈల వేసేవాళ్లుండరు. నిజం చెబితే నష్టం రాదన్న నమ్మకం పదేళ్ల వయసులో ఏడు రాతి బిళ్లల దగ్గర కుదిరితే, ఆ తర్వాత దాన్ని కొత్తగా నేర్పాల్సిన పని ఉండదు.

ఈసారి వీధిలోంచి 'తగిలింది... తగల్లేదు' అని అరుపులు వినపడితే కిటికీ మూసేయకండి. 'గోల చెయ్యకండర్రా' అని కసురుకోకండి. ఒక్క పావుగంట బయటికి వెళ్లి గీత పక్కన నిలబడండి.

పిల్లలకు కావలసింది ఎనిమిదో పెంకు కాదు... అందరి మాటా వినే ఒక మనిషి!